ఎదురుగాలిలో ఎనభై ఐదు

పెళ్లయిన ఆరు వారాల్లో కెరిన్ కొత్తగా తెలుసుకున్న సంగతుల్లో ఒకటి, నిక్ నిద్రలో కూడా లారీ నడుపుతాడని. క్యాబిన్ వెనక ఉన్న ఇరుకు పడక మీద వెల్లకిలా పడుకుని, రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని, ఉండుండి వేళ్లు అటూ ఇటూ తిప్పుతాడు, స్టీరింగు పట్టుకున్నట్టే. నల్లర్‌బార్ మైదానం మీద మలుపన్నది లేదు. గీత గీసినట్టు పోయే ఈ రోడ్డు మీద అతను ఏ మలుపులు తిప్పుతున్నాడో అనుకుని, అద్దంలో చూసి ఆమె చాలాసార్లు నవ్వుకుంది.

పోయిన ఆదివారం నుంచి మాత్రం ఆ నవ్వు పెదవుల దాకా వచ్చి ఆగిపోతోంది.

ఆదివారం నాడు లోర్నా పిన్ని ఫోన్ చేసింది. కెరిన్ వాళ్ల అమ్మకి చెల్లెలు. సెడూనా దాటాక, విరుల్లా అనే ఊరికి ఉత్తరాన ఆమెకి గొర్రెల ఫారం ఉంది. అక్కడ రెండేళ్లుగా సరైన వాన లేదు. నేల మీద గడ్డి పోయింది, గాదెలో గింజ పోయింది, ఉన్న మందలో సగం అమ్ముడుపోయింది. మిగిలినవి మూడు వందల తల్లి గొర్రెలు. పిన్ని వాళ్ల తాత మొదలుపెట్టిన మంద అది. అవి పోతే మళ్లీ ఆ జాతిని ఎక్కడా కొనుక్కోలేరు.

"ఎస్పరెన్స్ ఊరి రైతులు రెండు లారీల గడ్డి ఇస్తామన్నారటగా. నువ్వూ, నీ మొగుడూ, ఆల్ఫ్ తెస్తున్నారటగా" అంది పిన్ని. "శుక్రవారం పొద్దు గుంకేలోగా వస్తే సరే తల్లీ. రాకపోతే శనివారం పొద్దున్న క్లెమ్‌ని రమ్మన్నాను."

క్లెమ్ పక్క ఫారం ఆయన. ఆయన దగ్గర తుపాకీ ఉంది. ఎందుకు రమ్మందో కెరిన్ అడగనక్కర్లేదు. కరువులో ఆ చుట్టుపక్కల అందరికీ తెలిసిన పనే.

"ఒక్కరోజు ఆగలేవా పిన్నీ?"

"ఆఖరి బార్లీ బస్తా శుక్రవారం పొద్దున్న విప్పుతాను. ఆ తర్వాత వాటి ముందు పెట్టడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆకలితో ఉన్నదాన్ని ఇంకొక రోజు ఓర్చుకోమనడానికి నువ్వెవరు, నేనెవరు?" కూరలో ఉప్పెంత వెయ్యాలో చెప్పినంత మామూలుగా చెప్పింది. "గొయ్యి తవ్వించేశాను. నువ్వు బెంగపెట్టుకుని తొందరపడకు. నిదానంగా రా."

ఆరు వారాల కిందట పెళ్లి ఆ ఫారం ముంగిట్లోనే జరిగింది. డచెస్ అని పిన్ని ముద్దుగా పిలుచుకునే ముసలి గొర్రె, కుడి చెవి చివర కత్తిరించినట్టు ఉంటుంది దానికి, ఫొటోలు తీస్తుండగా వెనకనుంచి వచ్చి పెళ్లికూతురి చేతిలోని పూలగుత్తిని కాడలతో సహా నమిలేసింది. పూలు కూడా వానకి ఆశపడి పూసినవే, తిననీ, అంది పిన్ని; ఆమె ఒక్కతే నవ్వలేదు. మిగతా వాళ్లంతా పొట్ట పట్టుకుని నవ్వారు.

*

బుధవారం సాయంత్రానికి గడ్డి ఎత్తించుకుని నార్స్‌మన్ చేరారు. అక్కడి ఊరివాళ్లు చందాలు వేసుకుని రెండు లారీలకీ డీజిల్ పోయించారు. ఆ డీజిల్ సెడూనా దాకా. సెడూనాలో అక్కడివాళ్లు మళ్లీ పోయిస్తారు. నడుమ పన్నెండు వందల కిలోమీటర్లు. దారిలో బంకులు లేకపోలేదు గానీ, అక్కడ పోయించుకుంటే అది ఎవరి జేబులోంచి వాళ్లు పెట్టుకోవలసిందే.

గడ్డి మోపులు ట్రైలర్‌కి రెండు పక్కలా బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. అంత వెడల్పు లోడుతో పొద్దు పొడవక ముందు గానీ, పొద్దు గుంకాక గానీ రోడ్డెక్కకూడదు. అంటే ఉన్నది రెండు పగళ్లు. గురు, శుక్ర వారాలు.

ఆల్ఫ్ ట్రెవారో బంకు ముందు నిలబడి స్తంభం మీది జెండా కేసి చాలాసేపు చూశాడు. ఆయనకి అరవై ఎనిమిదేళ్లు. కెరిన్ వాళ్ల నాన్నా ఆయనా ఒకప్పుడు ఈ దారిలో ముందొకరూ వెనకొకరూగా తిరిగేవాళ్లు. నాన్న మోకాళ్లు అరిగి ఇంట్లో కూర్చున్నాడు, ఆల్ఫ్ ఇంకా తిరుగుతున్నాడు. జెండా పడమరకి చాచుకుని టపటపా కొట్టుకుంటోంది. వాళ్లు పోవలసింది తూర్పుకి.

"ఎనభై ఐదు" అన్నాడు ఆల్ఫ్.

"ఏంటి పెద్దాయనా, నీ వయసా?" అన్నాడు నిక్.

"నీ నాలిక పొడుగు, సెంటీమీటర్లలో. ఒరేయ్ కొత్త పెళ్లికొడుకా, ఎదురుగాలి నలభై మీదుంది. నువ్వు వందలో పోతే నీ లారీకి తెలిసేది నూట నలభై. నీ వెనక ఉన్నది గడ్డి కాదు, గోడ. గోడని నెట్టుకుంటూ నూట నలభైలో పరిగెడితే ఇంజన్ ఏం తాగుతుంది? నీ పెళ్లిలో మీ చేపల పడవల వాళ్లు తాగినట్టు తాగుతుంది."

నిక్‌ది పోర్ట్ లింకన్‌లో టూనా చేపలు పట్టే కుటుంబం. పెళ్లిలో వాళ్లెంత తాగారో అందరికీ తెలుసు. నిక్ పగలబడి నవ్వాడు.

కెరిన్ నవ్వలేదు. "ఎనభై ఐదులో పోతే శుక్రవారం ఏ వేళకి చేరతాం బాబాయ్?"

"పొద్దు గుంకడానికి గంటన్నర ముందు."

"అంతేనా?"

"గొర్రెలకి గడ్డి వెయ్యడానికి గంటన్నర చాలదా పిల్లా? చీకటి పడ్డాక చేరితే ఏం ఉపయోగం, మధ్యాహ్నానికే చేరితే ఏం బహుమానం? ఎనభై ఐదు. నా వెనక రండి. ఇది మనం కొన్న డీజిల్ కాదు, ఎవరో అడిగి అడిగి పోగేసింది."

గురువారమంతా అలాగే పోయారు. ఆల్ఫ్ లారీ వెనక తలుపు మీద చిన్న పచ్చ గీత ఉంది. పగలంతా కెరిన్ ఆ గీతనే చూస్తూ నడిపింది, నిక్ నడిపితే పక్కన కూర్చుని చూసింది. వెనకనుంచి వచ్చిన లారీలు ఒక్కొక్కటీ దాటుకుపోతూ రేడియోలో ఆటపట్టించాయి.

"ఏం నిక్కూ, హనీమూన్‌కి పరుపు నువ్వే తెచ్చుకున్నావా? మరీ ఇన్ని మోపులా?"

"పెళ్లాం మెత్తగా కావాలంది బాబూ!" అని నిక్ జవాబిస్తే కెరిన్ అతని భుజం మీద ఒకటి వేసింది.

రోడ్డు పక్కన అక్కడక్కడా తెల్ల శిలువలు నాటి ఉన్నాయి. ఆ చోట లారీ తిరగబడి పోయినవాళ్ల గుర్తుగా వాళ్ల వాళ్లు నాటినవి. ఒక్కొక్క శిలువ దగ్గరా ముందు లారీ అద్దంలో ఆల్ఫ్ చెయ్యి కనిపించేది. స్టీరింగు వదలకుండా రెండు వేళ్లు మాత్రం పైకెత్తి దించేవాడు. ఒక్కదాన్నీ వదల్లేదు.

సాయంత్రం యూక్లా దగ్గర ఆపి, లారీ మెట్ల మీద కూర్చుని, అత్తగారు నూనెలో ఊరబెట్టి ఇచ్చిన టూనా ముక్కలు రొట్టెలో పెట్టుకుని తిన్నారు. కెరిన్ జుట్టులో గడ్డి పోచలు, టీ కప్పులో గడ్డి పోచ, కాలి మేజోడులో గడ్డి పోచ. కింద మైదానం చివర సముద్రం గులాబీ రంగు తేరింది. నిక్ ఆమె ఉంగరం వేలికి గడ్డి పోచ ఒకటి చుట్టి, "ఇది రెండో ఉంగరం. అమ్మితే ఒక గొర్రెకి పూట గడుస్తుంది" అన్నాడు. ఆ క్షణం ఆమెకి ఎంత బాగుందంటే, అంత బాగున్నందుకు పిన్నిని తలుచుకుని సిగ్గుపడింది.

*

శుక్రవారం బయలుదేరే ముందు యూక్లాలో కెరిన్ ఫోన్ మోగింది. నిక్ కింద బెల్టులు బిగిస్తున్నాడు. ఆల్ఫ్ టైర్లు తట్టి చూస్తున్నాడు.

"ఆఖరి బస్తా విప్పాను తల్లీ" అంది పిన్ని. "కొన్ని లేవట్లేదు. నీళ్లు అక్కడికే తీసుకెళ్లి పడుతున్నాను. తాగుతున్నాయి పాపం. ఊరికే చెప్పాలనిపించింది. నువ్వు రోడ్డు చూసుకుని నడుపు."

కెరిన్ ఆ మాట నిక్‌కి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఆమెకే తెలియదు. చెబితే ఏడుపొస్తుంది, ఏడిస్తే స్టీరింగు ఇవ్వరు. బహుశా అందుకే.

మొదటి రెండు గంటలూ పచ్చ గీత వెనకే నడిపింది. గాలి నిన్నటికన్నా బలంగా ఉంది. రోడ్డు పక్క తుప్పలన్నీ వాళ్లకేసి వంగి ఉన్నాయి. మధ్యాహ్నం నుంచి తను నడపాలని నిక్ వెనక్కి వెళ్లి పడుకున్నాడు. కాసేపటికి అతని వేళ్లు కదలడం మొదలైంది.

కొన్ని లేవట్లేదు. ఆ మాట చక్రాల చప్పుడులో కలిసి తిరుగుతోంది. ఎదురుగా రోడ్డు ఖాళీ. కెరిన్ కాలు దానంతట అదే కిందికి దిగింది.

"అమ్మాయ్, ఏంటది?" ఆమె లారీ పక్కకి రాగానే రేడియోలో ఆల్ఫ్ గొంతు.

"కొంచెం ముందు పోతా బాబాయ్. అక్కడ కొన్ని లేవట్లేదట."

"నువ్వు గంట ముందు పోతే లేస్తాయా?" అన్నాడు ఆల్ఫ్. కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు.

ఆమె కాలు ఇంకా నొక్కింది. ఆల్ఫ్ లారీ అద్దంలోకి మారింది, చిన్నదైంది, పోయింది.

వంద దగ్గర ముల్లు నిలబడింది. ఇంజన్ ఏకధాటిగా రొద చేస్తోంది. కాలేజీలో చదువుకున్న లెక్కలన్నీ ఆమెకి వచ్చు. వేగం పెరిగితే గాలి ఎంత అడ్డుపడుతుందో, ఎంత డీజిల్ ఎక్కువ కాలుతుందో కాగితం మీద వేసి చూపించగలదు. ఆ రోజు ఒక్క లెక్కే వేసింది: వందకీ ఎనభై ఐదుకీ మధ్య మిగిలే నిమిషాలెన్ని, ఆ నిమిషాల్లో ఎన్ని మోపులు దింపవచ్చు. మోపులు దింపుతున్నట్టు, పిన్ని వాటి తాళ్లు కోస్తున్నట్టు, పడుకున్నవి మోకాళ్ల మీద లేస్తున్నట్టు ఊహించుకుంటూ పోయింది. డీజిల్ ముల్లు కిందికి దిగడం కనిపిస్తూనే ఉంది. కంటికి కనిపించింది, మనసుకి కనిపించలేదు.

పెనాంగ్ వచ్చింది. పాత గాలిమరలన్నీ పోగేసి నిలబెట్టుకున్న ఊరది. అన్ని మరలూ తూర్పుకే తిరిగి, రెక్కలు కనిపించనంత వేగంగా గిర్రున తిరుగుతున్నాయి. బంకు దగ్గర షికారుకొచ్చినవాళ్ల బళ్లు బారులు తీరి ఉన్నాయి. ముసలి దంపతులు కుక్కని దించి తిప్పుతున్నారు. ఆ వరసలో నిలబడితే సంపాదించిన నిమిషాలన్నీ అక్కడే పోతాయి. సెడూనాకి ఇక డెబ్భై చిల్లరే. ముల్లు ఎర్ర గీతని తాకుతోంది. తాకితే మాత్రమేం, గీత కింద కూడా కొంత ఉంటుంది, ప్రతి లారీకీ ఉంటుంది.

ఆపలేదు.

సగం దూరం పోయాక ఇంజన్ ఒకసారి దగ్గింది. మళ్లీ దగ్గింది. ఆమె యాక్సిలరేటర్ నొక్కితే నొక్కినదానికి ఏమీ జరగలేదు. లారీని మెల్లగా రోడ్డు దింపేసరికి, ఇంత రొదలో అంతవరకూ వినిపించని గాలి, ఒక్కసారిగా ఊళ వేస్తూ వినిపించింది.

నిక్ లేచి ముందుకొచ్చాడు. ముల్లు చూశాడు. బయట చూశాడు. ఆల్ఫ్ లారీ లేదు.

"ఎంతలో నడిపావ్?"

"వంద."

"ఎక్కడ్నుంచి?"

"నువ్వు పడుకున్నప్పట్నుంచి."

అతను తిట్టి ఉంటే బాగుండేది. సీటు కింది రెంచీ తీసుకుని దిగాడు. డీజిల్ పూర్తిగా అయిపోతే పైపుల్లోకి గాలి చేరుతుంది. తర్వాత పోసినా ఇంజన్ వెంటనే అందుకోదు. గాలంతా కొంచెం కొంచెంగా బయటికి తీయాలి. గంట పట్టవచ్చు, రెండు పట్టవచ్చు.

అక్కడ ఫోన్‌కి సిగ్నల్ లేదు. వెనకనుంచి వచ్చేవాళ్లు గుద్దకుండా కెరిన్ రేడియోలో చెప్పింది. "పెనాంగ్ దాటాక ఎడమ పక్క గడ్డి లారీ ఆగిపోయి ఉంది. వెడల్పు లోడు. చూసుకుని రండి."

తూర్పుకి పోతున్న గోధుమల లారీ ఒకటి నెమ్మదించింది. "గడ్డా? ఎవరికమ్మా?"

"విరుల్లా అవతల కూల్మన్ వాళ్లకి. డీజిల్ అయిపోయింది."

"లోర్నాకా? అయ్యో. మేం ఆ పక్కవాళ్లమే. ఇవాళ్టికి చేరదేమో అయితే. సరే, చెబుతాలే" అని ఆ గొంతు వెళ్లిపోయింది. మంచివాడు, పాపం, అనుకుంది కెరిన్. ఏమని చెబుతాడో ఆలోచించలేదు.

*

ఆల్ఫ్ వచ్చి ముందు ఆపాడు. ఎనభై ఐదులో వచ్చేవాడు ఏ వేళకి రావాలో ఆ వేళకే వచ్చాడు. దిగి, తన లారీ పక్కపెట్టెలోంచి రెండు క్యాన్ల డీజిల్ తీసి నిక్ చేతికిచ్చాడు. అది ఆయన ఎప్పుడూ అట్టిపెట్టుకునే డీజిల్. ఇంకో క్యాన్‌కి సరిపడా తన ట్యాంకులోంచి గొట్టంతో లాగి పోశాడు. కెరిన్ మొహం కేసి చూడలేదు.

"నన్ను నీతో తీసుకుపో బాబాయ్. నేను పిన్ని దగ్గర ఉంటాను."

"గాలి తీయాలంటే ఇద్దరు కావాలి. ఒకడు పంపు కొట్టాలి, ఒకడు నట్టు తిప్పాలి. నువ్వు చేసిన పని నువ్వు చూడు."

"అయితే నువ్వైనా ఇక్కడ్నుంచి కొంచెం త్వరగా..."

ఆల్ఫ్ అప్పుడు చూశాడు ఆమె కేసి. ఆయన కళ్లలో కోపం లేదు. అలసట ఉంది. "మిగిలినదాంట్లో నీకు కొంత ఇచ్చాను కదమ్మా. ఇప్పుడు నాకున్నది సెడూనా దాకా సరిగ్గా సరిపోతుంది. ఎనభై ఐదులో పోతేనే. నేను కూడా ఇక్కడెక్కడో ఆగిపోతే అక్కడికి పోయేవాళ్లెవరు?"

ఆయన వెళ్లిపోయాడు. పచ్చ గీత నిదానంగా, ఏ తొందరా లేనట్టు దూరమైంది. జీవితంలో కెరిన్‌కి ఏదీ అంత నెమ్మదిగా కనిపించలేదు.

ఆమె పంపు కొట్టింది. నిక్ నట్టు వదులు చేసి, నురుగు పోయి డీజిల్ వచ్చేదాకా చూసి బిగించాడు. మళ్లీ కొట్టింది. ఎర్రమట్టి మీద డీజిల్ నల్లటి మడుగు కట్టింది. ఆమె చేతులు మోచేతుల దాకా మసి. గడ్డిపోచ ఉంగరం ఎప్పుడో తెగిపోయింది.

"పొద్దున్న పిన్ని ఫోన్ చేసింది" అంది పంపు మీద నుంచి చెయ్యి తీయకుండా. "కొన్ని లేవట్లేదంది. నీకు చెప్పలేదు."

నిక్ నట్టు మళ్లీ వదులు చేశాడు. "చెబితే నేనే వందలో నడిపేవాణ్ణేమో" అన్నాడు. "కొట్టు. ఇంకా గాలుంది."

ఇంజన్ అందుకునేసరికి నీడలు పొడుగయ్యాయి. సెడూనా దాకా డెబ్భైలో పోయారు. అక్కడ, పంటల పురుగు ఒకచోట్నుంచి ఇంకోచోటికి పాకకుండా, లారీలో పండ్లు, కూరలు ఉన్నాయేమోనని తనిఖీ వాళ్లు చూశారు. డీజిల్ పోయించుకున్నారు. ఆల్ఫ్ చాలాసేపటి కిందటే వెళ్లాడని బంకులో చెప్పారు. కెరిన్ పిన్ని ఇంటికి ఫోన్ చేసింది. మోగింది. మోగి మోగి ఆగింది. మళ్లీ చేసింది. ఆ ఫోన్ వంటింటి గోడకి ఉంటుంది, కిటికీ పక్కన. ఖాళీ వంటింట్లో అది మోగడం ఆమె కళ్లకి కనిపించింది.

విరుల్లా దాటేసరికి వాళ్ల వెనక పొద్దు గుంకింది. ఇంకా పాతిక కిలోమీటర్లు. ఇరుకు రోడ్డు, అంచుల్లో కంగారూలు అప్పుడే మేతకి బయటికొస్తున్నాయి.

"పాతికే కదా. లైట్లన్నీ వేసుకుని మెల్లగా పోదామా?" అన్నాడు నిక్. తనకోసం కాదు, ఆమెకోసం అడిగాడు.

స్టీరింగు ఆమె చేతిలో ఉంది. ఎదురుగా ఎవరో పిల్లల్ని ఎక్కించుకుని ఇంటికొస్తూ ఉంటారు. వాళ్ల లైట్లకి రోడ్డే కనిపిస్తుంది తప్ప, రోడ్డు దాటి పొడుచుకొచ్చిన గడ్డి కనిపించదు.

"వద్దు" అని లారీలు ఆపుకునే చోటికి తిప్పింది. ఇద్దరూ టీ కూడా కాచుకోలేదు.

*

పొద్దు పొడవగానే బయలుదేరారు. ఫారం గేటు దగ్గరకి వచ్చేసరికి కెరిన్ ముందు చూసింది పచ్చ గీతని. ఆల్ఫ్ లారీ ముంగిట్లో ఖాళీగా నిలబడి ఉంది. బీడు పొడవునా గడ్డి పరిచి ఉంది, దాని రెండు పక్కలా గొర్రెలు. వందల నోళ్లు నములుతున్న చప్పుడు, చినుకు పడుతున్నట్టు. "ఉన్నాయి నిక్. ఉన్నాయి" అంది.

తర్వాత గొయ్యి చూసింది.

గొయ్యి పక్కన ట్రక్కు వెనక తలుపు దించుకుని క్లెమ్ కూర్చున్నాడు, టోపీ ఒళ్లో పెట్టుకుని. ఆమెని చూసి లేచి నిలబడ్డాడు గానీ దగ్గరకి రాలేదు.

లోర్నా పిన్ని వచ్చింది. నిన్నటి బట్టలే ఒంటి మీద ఉన్నాయి. కెరిన్ మసి చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది.

"నిన్న మధ్యాహ్నం క్లెమ్ వచ్చాడు. గడ్డి లారీ పెనాంగ్ దాటాక ఆగిపోయిందట, ఇవాళ రాదట, గోధుమల లారీ అతను చెప్పాడన్నాడు. ఏ లారీ అని నేనడగలేదు. రెండున్నాయి కదా, రెండూ ఆగాయా అని అతనూ అడగలేదు." ఆమె ఆగి గాలి పీల్చుకుంది. "లేవలేనివి ఒక పక్క దొడ్డిలో పెట్టాను. రాత్రి చలి. ఎటూ రానిదానికోసం వాటిని ఇంకో రాత్రి ఎందుకు పడుకోబెట్టాలి అనుకున్నాను. మొదలుపెట్టాం. ఆ దొడ్డి అయిపోయి మిగతావాటి దగ్గరకి పోతుంటే ఆల్ఫ్ హారన్ వినిపించింది. గేటు దగ్గర్నుంచి కొట్టుకుంటూనే వచ్చాడు."

"నా వల్లే పిన్నీ."

"అవి గడ్డి చూసి లేచేవో లేదో నాకు తెలీదు. నీకూ తెలీదు. తెలీనిదాన్ని నీ నెత్తిన పెట్టుకోకు తల్లీ. నా నెత్తిన కూడా పెట్టకు."

నిక్ గడ్డి దింపడం మొదలుపెట్టాడు. కెరిన్ గొర్రెల పక్కనే ఈ చివరనుంచి ఆ చివర దాకా నడిచింది. తలలన్నీ వంచి ఉన్నాయి. చెవులు మాత్రమే కనిపిస్తున్నాయి. చివర కత్తిరించినట్టున్న కుడి చెవి కోసం చూసింది. తిరిగి వచ్చేటప్పుడు రెండో పక్కనుంచి చూసింది. డచెస్ ఏదని పిన్నిని అడగలేదు. పిన్ని కూడా ఆమె ఏం వెతుకుతోందో చూసి, మొహం తిప్పుకుంది.

"గొయ్యి పూడ్చాలి" అన్నాడు క్లెమ్, ఎవరితోనో అన్నట్టు.

"నేను నడుపుతాను" అంది కెరిన్.

లోడర్ ఎక్కి మట్టి తోసింది. ఒక్కసారిగా పొయ్యలేదు. కొంచెం కొంచెంగా, అంచునుంచి జార్చింది. పిన్ని పక్కనే నిలబడింది, పూర్తయ్యేదాకా.

ఆ తర్వాత వంటింట్లో ఆల్ఫ్ టీలో బిస్కత్తు ముంచుకుంటూ అన్నాడు. "వచ్చే బుధవారం ఇంకో రెండు లారీలిస్తారట ఎస్పరెన్స్ వాళ్లు. పక్క ఫారాలకి. మీరొస్తారా, లేక నేనింకెవర్నైనా చూసుకోనా?"

నిక్ కెరిన్ కేసి చూశాడు.

"వస్తాం బాబాయ్. నీ వెనక" అంది.

*

తిరుగు ప్రయాణంలో గాలి ఇంకా తూర్పునుంచే వీస్తోంది. ఇప్పుడు వాళ్ల వీపు మీద. ట్రైలర్లు ఖాళీ. కెరిన్ పచ్చ గీత వెనక ఎనభై ఐదులో ముల్లుని మేకు కొట్టినట్టు నిలబెట్టి నడుపుతోంది.

రేడియో గరగరలాడింది. "ఏం పిల్లా, నిద్రపోతున్నావా? నేను తొంభై ఐదుకొచ్చి చాలాసేపైంది. నువ్వు కనబడటం మానేశావు."

నిజమే. పచ్చ గీత చాలా దూరాన ఉంది. ఆమె చూస్తూనే ఉండి గమనించలేదు.

"ఎనభై ఐదు అన్నావు కదా బాబాయ్."

"అది గాలి మొహాన కొడుతున్నప్పుడు. ఇప్పుడది తోస్తోంది. తోసేవాడు ఉన్నప్పుడు కూడా బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చుంటే ఇంటికెప్పుడు పోతాం? నీ మొగుడికి ఆకలెయ్యదూ?"

"వేస్తోంది పెద్దాయనా!" అని నిక్ గట్టిగా అరిచాడు.

ఆమె కాలు కిందికి దించింది. ముందు భయంగా, తర్వాత కొంచెం భయం తగ్గి. ముల్లు తొంభై దాటింది. ఇంజన్ ఏ ఇబ్బందీ లేకుండా మెత్తగా పోతోంది. పచ్చ గీత మళ్లీ దగ్గరైంది.

పెనాంగ్ ఇంకా రాకముందు, రోడ్డుకి అవతలి పక్క ఎర్రమట్టి మీద నల్లటి మరక కనిపించింది. శిలువా లేదు, రాయీ లేదు. పక్కన దాటిపోయిన వాళ్లకి అది ఎవరో డీజిల్ ఒలకబోసిన చోటు, అంతే. కెరిన్ స్టీరింగు మీద నుంచి రెండు వేళ్లు ఎత్తి, కాసేపు అలాగే ఉంచి, దించింది.

నిక్ చూశాడు. తన మోకాలి మీద ఉన్న చేతిని కొంచెం కదిపి, అతను కూడా రెండు వేళ్లు ఎత్తాడు.